ఎనభై ఆరో రోజు

నోట్లో కరిగిపోయినదాన్ని తాగినట్టు లెక్కపెట్టాలా, తిన్నట్టు లెక్కపెట్టాలా?

విటోమిర్ ఈ ప్రశ్న వేసుకున్నది వంటింటి బల్ల దగ్గర నిలబడి. ఇంటిని కాచే దేవదూత పండుగనాడు యజమాని కూర్చోకూడదు. పొద్దుటి నుంచి వచ్చినవాళ్లకు వచ్చినట్టు తీపి గోధుమలు చెంచాతో అందించాడు, చిన్న గ్లాసుల్లో ప్లమ్ సారా పోశాడు, ఖాళీ అయితే మళ్లీ పోశాడు. ఒక్క చుక్క చేతిమీద ఒలికితే తువ్వాలుతో తుడుచుకున్నాడు. చుట్టాలు వెళ్లిపోయారు. బావమరిది రాడెన్‌కో ఒక్కడే క్యాబేజీ చుట్టల గిన్నె ముందేసుకుని మిగిలాడు. అరికాళ్లు మండుతున్నాయి. అయినా విటోమిర్ కూర్చోలేదు.

రోజూ సాయంత్రం ఆరింటికి ఫోనులో వచ్చే ప్రశ్న ఇవాళ కూడా వచ్చింది. "ఈ రోజు మద్యం తీసుకున్నారా?" కింద రెండు గళ్లు. అవును. లేదు. ఎనభై ఐదు సాయంత్రాలు అతని బొటనవేలు తడబడకుండా కుడివైపు గడి మీదికి వెళ్లింది. ఇవాళ గాలిలో ఆగింది.

ఆ పాఠాలు నగరంలోని ఆసుపత్రి వాళ్లవి. పన్నెండు పాఠాలు, తొంభై రోజులు, రోజుకొక ప్రశ్న. ఎవరికి వీలైనప్పుడు వాళ్లు చూసుకోవచ్చు, ఎవరి వేగం వాళ్లది. మొదటి పాఠంలో నెరిసిన జుట్టు డాక్టరమ్మ కెమెరా వైపు సూటిగా చూసి, "ఈ జవాబులు మా కోసం కాదు, మీ కోసం" అంది. రైల్వే వాళ్లకు మాత్రం ఒక రంగు చుక్క, ఒక అంకె వెళతాయి: వరసగా ఎన్ని రోజులు గడిచాయో. అది తొంభైకి చేరితే విటోమిర్ మళ్లీ పట్టాలు మార్చే కేబిన్ ఎక్కి లీవరు పట్టుకోవచ్చు. మధ్యలో తెగితే ఇక లీవరు లేదు, ఎప్పటికీ పట్టాల మధ్య చీపురే. ఆ షరతు డాక్టరమ్మ పెట్టినది కాదు. రైల్వే పెట్టినది.

"ఏంటి బావా, ఫోనుకేసి అలా చూస్తున్నావ్?" అన్నాడు రాడెన్‌కో, మూతి తుడుచుకుంటూ. "డాక్టరమ్మ ప్రేమలేఖ రాసిందా?"

"నువ్వు తిను."

"తింటూనే ఉన్నాను. పొద్దున్నించీ అదే పని."

ల్యుబింక గిన్నెలు కడగడం ఆపి, తడిచేతులు ఏప్రన్‌కి ఒత్తుకుంటూ వచ్చి తెరమీదికి తొంగిచూసింది. భర్త మొహం చూడకుండానే విషయం తెలిసిపోయింది ఆమెకు.

"లేదు అని నొక్కు," అంది.

పొద్దున ఫాదరు వచ్చినప్పుడు వైను బదులు ద్రాక్షరసం సీసా బల్లమీద పెట్టింది ఆమే. ఫాదరు సీసాను తిప్పి కాగితం చదివి, "దేవదూతకి బడిపిల్లల రసం పోస్తావా అమ్మా? రొట్టెలో ఇంకిన చుక్క తాగుడు కాదు" అని నవ్వి, తన సంచీలోంచి ఎర్ర వైను తీశాడు. రొట్టెను బోర్లించి, అడుగున గాటుపెట్టిన చోట శిలువ ఆకారంలో పోశాడు. పాట పాడుతూ అందరూ తలా ఒక చెయ్యి వేసి రొట్టెను గుండ్రంగా తిప్పారు. విటోమిర్, ఫాదరు చెరో వైపు పట్టుకుని విరిచారు.

అంతవరకూ అందరూ చూశారు. తర్వాతది ఎవరూ చూడలేదు. విటోమిర్ చేతిలోకి వచ్చిన సగానికి ఒక పక్క పొడిగా, గోధుమరంగులో ఉంది. ఇంకో పక్క తడిసి ఊదారంగు తేలింది. అతని వేళ్లు పొడి వైపు దాకా వెళ్లాయి, ఆగాయి, వెనక్కి వచ్చి తడి వైపును తుంచాయి. ఆ వేళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు. అతను కూడా చెప్పలేదు. కానీ ఆపనూ లేదు.

"రొట్టె తిన్నావు," అంది ల్యుబింక. "దేవుడి రొట్టె. చంటిపిల్లలు కూడా తింటారది."

"చంటిపిల్లలు తడి వైపు వెతుక్కోరు."

"ఏమన్నావ్?"

అతను అవును అన్న గడి నొక్కాడు. ఇంకో పేజీ తెరుచుకుంది. ఎన్ని గ్లాసులు? ఒకటి, రెండు, మూడు. రొట్టెముక్కకు అక్కడ చోటు లేదు. వెనక్కి వచ్చాడు. ఇంకా ఏదీ పంపలేదు. అడుగున సన్నటి అక్షరాల్లో మూడో దారి ఉంది: తర్వాత చెబుతాను. మూడు రోజుల గడువు. అది దాటితే లెక్క దానంతటదే తెగుతుంది. దాన్ని నొక్కాడు. ఆకుపచ్చ చుక్కల వరస చివర ఒక పసుపు చుక్క వెలిగింది.

"ఒక్క ముక్క రొట్టె కోసం," అంది ల్యుబింక, "మూడు నెలలు గంగలో కలిపేస్తావా?"

ఆమె గొంతులో కోపం లేదు, భయం ఉంది. ప్లాట్‌ఫారం మీద నలుగురూ చూస్తుండగా నారింజరంగు చొక్కా వేసుకుని పట్టాలు ఊడ్చే భర్తను ఆమె ఎనభై ఆరు రోజులుగా కిటికీలోంచి చూస్తోంది. ఇంకో నాలుగు రోజులు చూడగలదు. జీవితాంతం చూడగలదో లేదో ఆమెకే తెలియదు.

రాడెన్‌కో గిన్నెను పక్కకు నెట్టాడు. "నాకు తెలిసిన తాగుబోతులందరూ లేదనే చెబుతారు బావా. నువ్వొక్కడివే తాగకుండా ఔనంటానంటున్నావ్. నీకు పాఠాలు ఎక్కువైనట్టున్నాయి."

రాత్రి పడుకోబోయే ముందు విటోమిర్ డాక్టరమ్మకు రాసుకునే గడిలో ఒక వాక్యం టైపు చేశాడు. వైనులో తడిసిన పండుగ రొట్టె తిన్నాను, అది లెక్కలోకి వస్తుందా? అంతకంటే ఒక్క మాట రాయలేదు. రాయనిదేమిటో రాస్తున్నప్పుడే తెలుసు.

శుక్రవారం పొద్దున పట్టాల మీద మంచు పేరుకుంది. విటోమిర్ పట్టాలు చీలే ఒకటో పాయింటు దగ్గర మొదలుపెట్టాడు. ఇనుప గీకుడుతో పాత గ్రీజు ఊడగొట్టడం, తీగల చీపురుతో పట్టా కింది పలక ఊడ్చడం, కదిలే పట్టాకూ కదలని పట్టాకూ మధ్య ఇరుక్కున్న కంకర ఏరడం, కొత్త నూనె సన్నగా పూయడం. చక్కెర దుంపల కాలం. చక్కెర ఫ్యాక్టరీకి వెళ్లే పెట్టెల్లోంచి దుంపలు రాలి, చక్రాల కింద నలిగి, పలకల మీద జిగురులా అంటుకుంటున్నాయి. అది గోకకపోతే పట్టా పూర్తిగా కదలదు. పూర్తిగా కదలని పట్టా మీదికి రైలు వస్తే ఏమవుతుందో ఇరవై రెండేళ్లు లీవరు లాగినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. పాయింటులో చెయ్యి పెట్టే ముందు పక్క స్తంభానికున్న ఫోను ఎత్తి కేబిన్‌కి చెప్పాలి. కేబిన్‌లో ఉన్నవాడు ఆ నంబరు లీవరు మెడకు ఇనుప కడియం తొడగాలి. కడియం ఉంటే లీవరు లాగినా కదలదు. తొడిగి, "వేశా" అని చెప్పాలి. ఆ ఒక్క మాట మీద కింద ఉన్నవాడు చేతులు పెడతాడు.

పదకొండింటికి, తనతోపాటు లీవరు లాగిన గ్వోజ్దెన్ కేబిన్ మెట్ల దగ్గర కనిపించాడు. గడ్డం గీసుకుని, పాత యూనిఫారం ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. ఆగస్టులో ఇద్దరూ ఒకే వారంలో డ్యూటీ ముందు ఊదుడు పరీక్షలో దొరికారు. గ్వోజ్దెన్ నాలుగు రోజులు ముందు మొదలుపెట్టాడు. నిన్నటితో అతనికి తొంభై నిండాయి.

"పత్రం వచ్చేసింది విటో!" అన్నాడు, ఫోను ఎత్తి చూపిస్తూ. తెర మీద అతని పేరు, కింద వంకర సంతకం. "చూడు, రంగు కూడా వేశారు."

"బాగుంది."

"బాగుంది అంటే అంతేనా? పన్నెండు పాఠాలు!"

"నువ్వు చూశావా?"

గ్వోజ్దెన్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మా ఆవిడ చూసింది. పన్నెండూ రెండు సాయంత్రాల్లో, స్వెట్టరు అల్లుకుంటూ. ప్రశ్నకి కూడా తనే నొక్కేది. నిజం చెప్పనా? ఆ పాఠాలు భలే పనిచేశాయి. అప్పటినుంచి తను చుక్క ముట్టలేదు."

తన హాస్యానికి తనే పగలబడి నవ్వాడు. విటోమిర్‌కీ నవ్వొచ్చింది. ఆ నవ్వులో పుదీనా బిళ్ల వాసన కలిసింది. పుదీనా కింద ఇంకేదో ఉంది. అదేమిటో విటోమిర్ ముక్కుకు తెలుసు. తెలిసినందుకు తన ముక్కు మీదే అతనికి అనుమానం కలిగింది. తడి వైపు వెతుక్కున్న మనిషి ముక్కును ఎంతవరకు నమ్మాలి?

విటోమిర్ మాత్రం నాలుగో పాఠాన్ని రెండుసార్లు చూశాడు. తొమ్మిదోది వారమంతా మోశాడు: కోరిక వచ్చినప్పుడు తరమకండి, అది ఎక్కడినుంచి వచ్చి ఎటు పోతుందో చూడండి అని అందులో ఉంది. చీపురు పట్టుకుని, పాయింటుకూ పాయింటుకూ మధ్య, అతను చూస్తూనే ఉన్నాడు. చూడటం నేర్చుకున్నందువల్లే కదా నిన్న వేళ్లు కనిపించాయి. నేర్చుకోనివాడికి రొట్టె రొట్టెగానే ఉండేది.

స్టేషన్ మాస్టర్ ఒబ్రాద్ అతన్ని ఆఫీసులోకి పిలిచాడు. బల్ల మీద ఊదుడు యంత్రం ఉంది, దానిమీద "మరమ్మతుకు పంపవలెను" అన్న కాగితం నెలరోజులుగా ఉంది. యంత్రాన్ని కాఫీ కప్పు కింద మెత్తలా వాడుకుంటున్నాడు.

"నీ చుక్క పసుపుగా ఉందేమిటి?" అన్నాడు ఒబ్రాద్ కంప్యూటర్ వైపు గడ్డంతో చూపిస్తూ.

విటోమిర్ చెప్పాడు. రొట్టె గురించి చెప్పాడు, వేళ్ల గురించి చెప్పలేదు.

ఒబ్రాద్ కళ్లద్దాలు తీసి ముక్కు నలుపుకున్నాడు. "ఒరేయ్, నేను కూడా నిన్న మా చెల్లెలింట్లో ఆ రొట్టె తిన్నాను. అయితే నేనూ తాగుబోతునేనా? లేదు అని నొక్కు. దుంపల రైళ్లు రోజుకి తొమ్మిది. నాకు మనుషులు కావాలి, సన్యాసులు కాదు."

"ఆలోచిస్తాను."

"ఇంకో సంగతి. మన రెండు కేబిన్లలో పైది వేసవికి కరెంటు మీద నడుస్తుందట. అప్పుడు లీవరు మీద ఒక్కడు చాలు. గ్వోజ్దెన్ ముందొచ్చాడు. నువ్వు నాలుగు రోజుల్లో వస్తే, ఇద్దరిలో మంచివాణ్ణి నేను ఎంచుకుంటాను. రాకపోతే ఎంచుకునే పనే లేదు. అర్థమైందా?"

"అర్థమైంది."

ఆ సాయంత్రం అన్నం దగ్గర ల్యుబింక ఫోనును అతని కంచం పక్కన పెట్టింది, ఉప్పు డబ్బా పెట్టినట్టు.

"నీకు చేతకాకపోతే నన్ను నొక్కనీ," అంది. "పాపం నాది."

ఆమె వేలు తెర మీదికి వచ్చింది. విటోమిర్ అరచేతిని ఫోనుమీద కప్పాడు. ఆమె వేలు అతని చేతిమీద ఆగింది. వెచ్చగా ఉంది.

"నువ్వు నొక్కితే నువ్వు మానేసినట్టవుతుంది," అన్నాడు.

"నేనెప్పుడు తాగాను?"

"అదే చెబుతున్నా."

శనివారం పన్నెండున్నరకు అతను ఏడో పాయింటు దగ్గరికి చేరాడు. మెయిన్ లైను లూప్ లైనులోకి చీలే చోటు అది. లూప్‌లో దుంపల పెట్టెలు ఇరవై రెండు, ఇంజిను కోసం ఎదురుచూస్తూ ఆగి ఉన్నాయి. ఒంటిగంట పదికి పాసింజరు రావాలి, మెయిన్ లైను మీద నేరుగా వెళ్లిపోవాలి.

జేబులో ఫోను అదిరింది. డాక్టరమ్మ దగ్గరినుంచి జవాబు. ఔననీ లేదు, కాదనీ లేదు. ఒక్క ప్రశ్న: "తినడానికి ముందు ఏం జరిగింది?"

అతను దాన్ని రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నాడు. స్తంభం ఫోను ఎత్తాడు.

"ఏడు దగ్గర ఉన్నాను. ఊడుస్తాను."

"వేశా, వేశా," అన్నాడు గ్వోజ్దెన్. మాట కొంచెం జారింది.

"కడియం వేశావా?"

"వేశా అంటున్నాగా, మామ్మలాగా అడుగుతావేంటి!"

విటోమిర్ మోకాలి మీద కూర్చున్నాడు. రెండు పట్టాల మధ్య నలిగిన దుంప గుజ్జు నల్లగా గడ్డకట్టి ఉంది. చేతితొడుగు తీసి వేళ్లు పెట్టబోయాడు. ఎందుకో పెట్టలేదు. జారిన ఆ మాట ఇంకా చెవిలో ఉంది. వేళ్లకు బదులు చీపురు కర్రను జొనిపాడు.

తీగ బిగిసింది. కింద కడ్డీ కీచుమంది. కదిలే పట్టా ఒక్క ఊపున వచ్చి కదలని పట్టాకు కొట్టుకుంది. కర్ర రెండు ముక్కలై, ఒక ముక్క అతని చేతిలో ఉండిపోయింది. విరిగిన చోట చెక్క తెల్లగా, నున్నగా, కోసినట్టు ఉంది. అతను దాన్ని చూశాడు. తర్వాత తన చెయ్యి చూసుకున్నాడు. అయిదు వేళ్లు ఉన్నాయి.

ఆ తర్వాత పాయింటు చూశాడు. పట్టా లూప్ వైపు తిరిగి ఉంది.

కేబిన్ మెట్లు ఎలా ఎక్కాడో తెలియలేదు. గ్వోజ్దెన్ లీవర్ల ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కడియం మేకుకే వేలాడుతోంది. స్టవ్ వెనక గ్లాసు, గ్లాసు పక్కన పుదీనా బిళ్లల కాగితం.

"ఏడును మెయిన్‌కి తిప్పు," అన్నాడు విటోమిర్. "తిప్పి కడియం వెయ్యి. ఇప్పుడే."

గ్వోజ్దెన్ లేచాడు. చెయ్యి ఆరో లీవరు మీదికి వెళ్లి, తడుముకుని, ఏడు మీదికి వచ్చింది. లాగాడు. కడియం మూడోసారికి తొడగగలిగాడు. అప్పుడు విటోమిర్ చేతిలోని విరిగిన కర్ర వైపు చూశాడు.

"విటో... నేను వేశాననుకున్నాను. ఒట్టు. వేశాననే అనుకున్నాను."

"అనుకుంటావు. నాకు తెలుసు."

"చెప్పకు. నీ కాళ్లు పట్టుకుంటా. ఒక్క వారం నాకు టైమివ్వు, ఆ పాఠాలు నేనే చూస్తాను, మొదటి నుంచి చూస్తాను." మరుక్షణం కళ్లు చిన్నవయ్యాయి. "అయినా చెప్పి చూడు. ఎవడు నమ్ముతాడు? నా కుర్చీకోసం చెప్పావంటారు. నీ పసుపు చుక్క సంగతి స్టేషనంతా తెలుసు."

విటోమిర్ స్టవ్ వెనక్కి వెళ్లాడు. గ్లాసు తీసుకుని సింకులో బోర్లించాడు. వాసన పైకి లేచింది. శరీరమంతా ఒక్కసారి ఆ వైపుకు వొంగినట్టయింది. దాన్ని తరమలేదు, చూశాడు. మెట్లు దిగాడు.

ఆఫీసులో ఒబ్రాద్ అంతా విన్నాడు. విరిగిన కర్రను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు, బల్ల మీద పెట్టాడు.

"నువ్వు చెప్పేది నిజమే కావచ్చు," అన్నాడు నెమ్మదిగా. "కానీ విను. వాడికి పత్రం ఉంది, తొంభై ఉంది. నీ దగ్గర చీపురు ముక్క ఉంది. ఈ యంత్రం ఊదితే పలకదు. వాణ్ణి దింపితే ఆ కుర్చీ మంగళవారం నీదవుతుంది. రేపు యూనియన్ వాళ్లొచ్చి నన్నడుగుతారు: విటోమిర్ ఎందుకు చెప్పాడని. నేనేం చెప్పను?"

"రైలు ఎక్కడుంది?"

"అవతలి స్టేషన్‌కి చేరుతోంది. ఇంకో ఆరు నిమిషాల్లో వదులుతారు. వాడు ఒక్క రైలు పంపించలేడా? పంపించాక నెమ్మదిగా మాట్లాడదాం. వాడితో నేను మాట్లాడతాను."

ఒబ్రాద్ చెడ్డవాడు కాదు. విటోమిర్‌కి అది ఎప్పుడూ తెలుసు. అతను అడుగుతున్నది న్యాయమైన ప్రశ్నే: ఈ మాటను నీ లాభంలోంచి విడదీసి నాకు చూపించగలవా? చూపించలేని నిజం అబద్ధంలాగే కనిపిస్తుంది. లేదు అని నొక్కితే అతను మంచివాళ్లలో ఒకడు, కాని పోటీదారు. ఔనని నొక్కితే తాగినవాడు, కాని పోటీలో లేనివాడు. రెండు రోజులుగా తనకు కనిపించింది ఆ గడి తన నుంచి తీసుకునేదే. అది తనకు ఇవ్వగలిగేది ఒకటుంది: లాభం లేనివాడి మాట.

జేబులోంచి ఫోను తీశాడు. నల్లటి గ్రీజు తెర మీద అంటింది. చొక్కాకు తుడిచాడు. ఎనభై ఆరో రోజు. అవును. ఎన్ని గ్లాసులు? అన్నిటికంటే చిన్న అంకె ఒకటి, దాన్ని నొక్కాడు. కింద వివరం రాసే చోట, మొద్దుబారిన వేళ్లతో రాశాడు: గ్లాసు కాదు, రొట్టె. తడి వైపు నేనే ఎంచుకున్నాను. పంపాడు.

ఒబ్రాద్ ముందున్న కంప్యూటర్లో విటోమిర్ పేరు పక్కన అంకె మారింది. ఒబ్రాద్ కుర్చీలోంచి సగం లేచాడు.

"ఏం చేశావురా? పిచ్చెక్కిందా? అది తెగితే మరి అతకదు!"

"తెలుసు. ఇక ఆ కుర్చీ నాకు రాదు. మంగళవారం రాదు, వేసవికీ రాదు. ఎందుకు చెప్పాడని వాళ్లడిగితే ఈ అంకె చూపించు." అతని గొంతు అతనికే కొత్తగా, పొడిగా వినిపించింది. "ఇప్పుడు చెబుతున్నాను. గ్వోజ్దెన్ తాగి ఉన్నాడు. వాణ్ణి లీవరు ముట్టనివ్వకు."

ఒబ్రాద్ గోడగడియారం వైపు చూశాడు. నాలుగు నిమిషాలు. "ఎవర్ని కూర్చోబెట్టను? ఎవరున్నారు?"

"నువ్వున్నావు."

"నేను లీవరు పట్టుకుని ఎనిమిదేళ్లయింది."

"ఒక్కొక్కటి చూసుకుని లాగు. రైలు ఆగి ఉంటుంది."

ఒబ్రాద్ కదల్లేదు. చెయ్యి కోటు దాకా వెళ్లి ఆగింది. విటోమిర్ ఆ చేతికోసం ఎదురుచూడలేదు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, స్టేషన్ మాస్టర్ తప్ప ఇంకెవరూ ముట్టకూడని నల్ల ఫోను ఎత్తి, అవతలి స్టేషన్ మీట నొక్కాడు.

"ఒంటిగంట పది పాసింజరును వదలకండి," అన్నాడు. "మా కేబిన్ మా చేతిలో లేదు. మేం చెప్పేదాకా అక్కడే ఉంచండి."

"ఎవరు మాట్లాడుతున్నది?" అంది అవతల ఆడగొంతు. "ఒబ్రాద్ గారేనా?"

"కాదు. విటోమిర్. పాయింట్లు ఊడ్చేవాణ్ణి."

తీగలో గరగరమంది. వెనక ఒబ్రాద్ కుర్చీ జరిగింది, తలుపు తెరుచుకుంది, కేబిన్ వైపు పరుగెడుతున్న బూట్ల చప్పుడు కంకర మీద వినిపించింది.

"ఎవరి ఉత్తర్వు మీద ఆపమంటున్నారు? పుస్తకంలో రాసుకోవాలి నేను."

"నాది," అన్నాడు విటోమిర్. "రాసుకోండి." అని తన పూర్తి పేరు ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పాడు.